భయంలో ఉన్నప్పుడు ‘ఫుల్ ఎస్‌టీడీ ప్యాకేజీ’ అంటగడతారు, జాగ్రత్త

కండోమ్ చిరిగిందనో, అసలు వాడలేదనో టెన్షన్ పడుతూ రాత్రంతా ఫోన్‌లో వెతుకుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. వెతకగానే ముందు కనిపించేవి, ఎస్‌టీడీ (సుఖవ్యాధుల) పరీక్షలన్నీ ప్యాకేజీగా అమ్ముతూ ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ల్యాబుల ప్రకటనలే. వాటిలో ఒకదాన్ని నమ్మి మూడు వేల పైచిలుకు కట్టాను. డబ్బు సంగతి తర్వాత చెప్తాను, వాళ్లు చేసిన అసలు అన్యాయం వేరే ఉంది.

నేను ఫోన్ చేసింది నాకూ అలాంటి రాత్రి ఎదురైన మర్నాడు పొద్దున్నే. జరిగింది దాచకుండా చెప్పాను. అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా, "భయపడకండి సార్, మా ప్యాకేజీలో అన్నీ కవర్ అవుతాయి, రిపోర్టు వచ్చాక డాక్టర్ గారు మీతో మాట్లాడతారు" అంది. హెచ్‌ఐవీ సోకకుండా అడ్డుకునే మందులు ఉన్నాయనీ, వాటిని 72 గంటల్లోపే మొదలుపెట్టాలనీ మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. ఆ మందుల్ని పెప్ అంటారు. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 28 రోజులు వాడాలి. నేను రిపోర్టు కోసం చూస్తుండగానే ఆ గడువు కాస్తా దాటిపోయింది. రోజూ ఇవే పరీక్షలు అమ్ముకునేవాళ్లకు ఈ సంగతి తెలియదంటే నేను నమ్మను.

కాబట్టి ఇంకా మూడు రోజులు దాటనివాళ్లు ఇది చదవడం ఆపి ముందు పెద్ద ప్రభుత్వాసుపత్రి అత్యవసర విభాగానికో, అక్కడ హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కో వెళ్లండి. హైదరాబాద్‌లో గాంధీ, ఉస్మానియా, విశాఖలో కేజీహెచ్, గుంటూరులో జీజీహెచ్ ఉన్నాయి. మందు అవసరమో కాదో డాక్టర్ తేలుస్తారు. ప్రైవేటులోనైతే డాక్టర్ చీటీ మీద దొరుకుతుంది. హెపటైటిస్ బి టీకా వేయించుకోనివాళ్లు దాని గురించి కూడా అప్పుడే అడగాలి. అది కూడా ఆలస్యం చేయకూడని విషయమే.

ఇక రిపోర్టు. హెచ్‌ఐవీ ‘నాన్ రియాక్టివ్’, అంటే నెగెటివ్ అని వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. కానీ వారం కూడా తిరక్కుండా చేసిన ఆ పరీక్షకు, నేను భయపడుతున్న ఆ రాత్రికి సంబంధమే లేదు. అంతకుముందు నాకు హెచ్‌ఐవీ లేదని మాత్రమే అది చెప్పగలదు. నరం నుంచి రక్తం తీసి ల్యాబ్‌లో చేసే, వైరస్ యాంటిజెన్‌నూ యాంటీబాడీలనూ రెండింటినీ వెతికే ఫోర్త్ జనరేషన్ పరీక్షకు వైరస్ జాడ దొరకాలంటే 18 నుంచి 45 రోజులు పడుతుంది. వేలికి గుచ్చి చేసే యాంటీబాడీ ర్యాపిడ్ టెస్టుకైతే 23 నుంచి 90 రోజులు. ఏ రోజున చేయించుకోవాలో చెప్పకుండా పరీక్ష అమ్మడం మోసం కాక మరేమిటి?

అంతకన్నా నన్ను కుంగదీసింది రెండో పేజీ. ‘హెర్పిస్ ఐజీఎం’ (పొక్కులు, పుండ్లు తెచ్చే హెర్పిస్ వైరస్‌కు ఒక రకం యాంటీబాడీ పరీక్ష) అన్న వరుసలో 1.2 అని ఎర్రటి బొద్దక్షరాల్లో, పక్కనే ‘పాజిటివ్’. కింద చిన్న అక్షరాల్లో 1.1 దాటితే పాజిటివ్ అని రాసి ఉంది. నా ఒంటి మీద పుండు లేదు, పొక్కు లేదు. గంట తిరక్కుండా ఫోన్ వచ్చింది: "సార్, కన్ఫర్మేటరీ ప్యానెల్ చేయించుకోండి, ఈరోజైతే డిస్కౌంట్ ఉంది." డాక్టర్ గారని లైన్‌లోకి వచ్చిన ఆయన తన పేరు కూడా చెప్పలేదు, వైరస్‌ను అణిచే మాత్రలు మాత్రం రాసిస్తానన్నాడు. ఆ రోజు అన్నం సహించలేదు.

తర్వాత చర్మ, సుఖవ్యాధుల డాక్టర్‌ దగ్గరికి వెళ్తే ఆ కాగితం చూసి పక్కన పెట్టేశారు. హెర్పిస్ ఐజీఎం నమ్మదగ్గ పరీక్ష కాదట, లేనివాళ్లకు కూడా ఉన్నట్టు చూపిస్తుందట. లక్షణాలు లేనివాళ్లకు హెర్పిస్ రక్తపరీక్షే సిఫారసు చేయరు. పొక్కు లేస్తే దాని నుంచి స్వాబ్ తీసి చేసే పీసీఆర్ సరైన పరీక్ష. ఐజీజీ అనే ఇంకో రకం యాంటీబాడీ పరీక్ష అయినా కటాఫ్‌కు కాస్త పైన వస్తే తప్పుడు పాజిటివ్ కావచ్చు. పైగా పెదవి మీద పొక్కులు తెచ్చే రకం హెర్పిస్ చాలామందికి చిన్నప్పుడే సోకి ఉంటుంది. అలాగే, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తేగల హెచ్‌పీవీ వైరస్‌కు ‘హెచ్‌పీవీ రక్తపరీక్ష’ అని ఎవరైనా అంటగడితే పైసా కట్టకండి, హెచ్‌పీవీని రక్తంలో పట్టే పరీక్ష లేదు.

ఇంకో దారుణం. ఆ రిపోర్టు నాకే కాదు, ఎప్పుడో మా నాన్నగారి షుగర్ టెస్టుకు ఇచ్చిన నంబరుకూ వాట్సాప్‌లో వెళ్లింది. ఆయన ముందు నిలబడి ఏం చెప్పాలో తెలియని పరిస్థితి ఎవరికీ రాకూడదు. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ఈ పరీక్షకు ముందూ తర్వాతా కౌన్సెలింగ్ ఉండాలి, మన సమ్మతి లేకుండా ఫలితం ఇంకొకరికి చెప్పకూడదు. నాకు కౌన్సెలింగూ లేదు, సమ్మతి అడిగిందీ లేదు. బుక్ చేసేవాళ్లు రిపోర్టు ఏ నంబరుకు, ఏ మెయిల్‌కు వెళ్తుందో ముందే గట్టిగా అడిగి రాయించుకోండి.

చివరికి నాకు మనశ్శాంతి దొరికింది ప్రభుత్వాసుపత్రిలోని ఐసీటీసీలో, అంటే హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షల కేంద్రంలో. అక్కడి కౌన్సెలర్ మేడమ్ తలుపు దగ్గరగా వేసి, "కూర్చో నాన్నా, ఎన్ని రోజులైంది?" అని అడిగారు. ల్యాబు వాళ్లు ఒక్కసారి కూడా అడగని ప్రశ్న అది. రోజులు లెక్కగట్టి ఎప్పుడు రావాలో చీటీ మీద రాసిచ్చారు, మూడు నెలల దగ్గర ఇంకోసారి చేస్తే ఇక అనుమానం ఉండదన్నారు. హెచ్‌ఐవీ పరీక్ష అక్కడ ఉచితం. ఒకవేళ రియాక్టివ్ వచ్చినా ఒక్క కిట్‌తో తేల్చేయరు, వేర్వేరు కిట్లతో మళ్లీ పరీక్షించాకే చెప్తారు. సిఫిలిస్ లాంటివాటికి, సుఖవ్యాధులు చూసే ప్రభుత్వ సురక్ష క్లినిక్‌కు పంపుతారు. గడప దాటడానికి మొహమాటమైతే ముందు హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు.

ల్యాబు వాళ్లు "టెస్టు చేశాం కదా సార్, రీఫండ్ కుదరదు" అన్నారు. బిల్లు, రిపోర్టు, వాళ్ల మెసేజ్‌లు అన్నీ దగ్గర పెట్టుకుని 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. ఇలాంటి కన్ఫర్మేటరీ ప్యానెల్ ఫోన్ మీకూ వచ్చి ఉంటే మీరూ పెట్టండి. రెండో ప్యాకేజీకి మాత్రం, ఎంత డిస్కౌంట్ అన్నా, డాక్టర్‌కు చూపించకుండా డబ్బు కట్టకండి.