ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్పించి పద్దెనిమిది నెలలు: మైలేజీ నిజంగా ఎంత పెరిగింది?

సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయించిన కొత్తలో ఒకే బండికి, ఒకే నెలలో నాకు మూడు మైలేజీలు కనిపించాయి. డ్యాష్‌బోర్డు మీద లీటరుకు 3.7 కిలోమీటర్లని ఉంది. నేను ట్యాంకు నింపినప్పుడల్లా రాసుకునే నోట్‌బుక్కులో 3.52 వచ్చింది. అసలు లెక్క 3.42 అని తేలడానికి రెండు నెలలు పట్టింది. అప్‌డేట్‌కు ముందు నా బండి ఇచ్చింది 3.30. అంటే నిజంగా పెరిగింది మూడున్నర శాతం పైచిలుకు. ఆ మూడున్నర శాతం కోసం చేయించుకోవచ్చా అంటే, నా మటుకు తప్పకుండా చేయించుకోమనే చెబుతాను. అయితే ఆ తేడాను ఎలా కొలవాలో ముందే తెలిసి ఉండాలి.

నాది ఐదు ఇరుసుల ట్రెయిలర్ బండి. 13 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, 12 గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్. నెలకు సుమారు 10,000 కిలోమీటర్లు తిరుగుతుంది. ఎక్కువగా ఫుల్ లోడు, మధ్యలో కొన్ని కొండ దారులు. అప్‌డేట్ చేయించేనాటికి బండికి ఐదేళ్లు. దానికి కొన్ని నెలల ముందే ఇంటర్‌కూలర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని చల్లబరిచేది) గొట్టంలో చిన్న పగులు దొరికితే మార్పించాను. ఆ తర్వాతే మూడు నెలల పాటు మైలేజీ రాసుకుని, ఆ 3.30ని ఆధారంగా పెట్టుకున్నాను. గొట్టం పగిలిన రోజుల నాటి మైలేజీతో పోల్చి ఉంటే ఆ లాభమంతా సాఫ్ట్‌వేర్ ఖాతాలో పడేది. గాలి లీకు, కారే ఇంజెక్టర్, పట్టేసే బ్రేకు లాంటివి బండిలో ఉంటే ముందు వాటి సంగతి చూడాలి. ఏ సాఫ్ట్‌వేరూ వాటిని బాగు చేయదు.

ఇంజిన్ అదే, ఇంజెక్టర్లు అవే అయినప్పుడు డీజిల్ ఎలా ఆదా అవుతుందన్నది నాకు మొదట అర్థం కాలేదు. మెకానిక్ ఓపిగ్గా చెప్పాడు. డీజిల్‌ను సిలిండర్‌లోకి కొంచెం ముందుగా చిమ్మితే, కాలిపోయిన పొగలో కొంత భాగాన్ని మళ్లీ లోపలికి పంపే ఈజీఆర్‌ను కాస్త తగ్గిస్తే, మంట బాగా మండి అదే డీజిల్‌తో ఎక్కువ పని జరుగుతుంది. కానీ అప్పుడు నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. వాటిని సైలెన్సర్ దగ్గరున్న ఎస్‌సీఆర్ అనే పొగ శుద్ధి పరికరం డెఫ్ ద్రవం సాయంతో శుభ్రం చేస్తుంది. డెఫ్ అంటే నీళ్లలో 32.5 శాతం యూరియా కలిపిన ద్రవం. బండి కొత్తగా వచ్చినప్పుడు కంపెనీ జాగ్రత్త కోసం కొంత వెనక్కి తగ్గి సెట్టింగులు పెడుతుంది. తర్వాత రోడ్ల మీద తిరిగిన బండ్ల సమాచారం చూసి, ఎస్‌సీఆర్ మీద ఇంకొంచెం భారం వేయవచ్చని తేలితే కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఆ మార్పు వస్తుంది.

నా బండిలో జరిగింది సరిగ్గా ఇదే. డీజిల్ తగ్గింది, డెఫ్ పెరిగింది. ఇంతకుముందు కాలిన డీజిల్‌తో పోలిస్తే నాలుగున్నర శాతం డెఫ్ పట్టేది, ఇప్పుడు ఐదున్నర పడుతోంది. నెలకు 106 లీటర్ల డీజిల్ మిగులుతుంటే, పాతిక లీటర్ల డెఫ్ అదనంగా పోస్తున్నాను. ఈ సంగతి నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. డెఫ్ ఖర్చు తీసేశాకే లాభం లెక్కేసుకోవాలి. తీసేసినా నాకు బాగానే మిగులుతోంది.

మసి తగ్గడం ఇంకో లాభం. ఈజీఆర్ తగ్గితే మసి తగ్గుతుంది, పొగలోని మసిని పట్టే ఫిల్టర్ నెమ్మదిగా నిండుతుంది. ఫిల్టర్‌ను కాల్చి శుభ్రం చేసే రీజెన్ కోసం ఇంజిన్ అదనంగా డీజిల్ చిమ్మి పొగ వేడిని 600 డిగ్రీల దాకా తీసుకెళ్తుంది. ఆ డీజిల్‌తో బండి ఒక్క అడుగు కూడా కదలదు. ముందు రెండు మూడు రోజులకొకసారి రీజెన్ దీపం వెలిగేది, ఇప్పుడు వారానికొకసారి వెలుగుతోంది. లోడు దించడానికి వరుసలో నిలబడి ఉన్నప్పుడు ఆ దీపం వెలిగితే ఎంత టెన్షనో బండి నడిపేవాళ్లకు తెలుసు.

ఇక మూడు మైలేజీల కథ. అప్‌డేట్ అయిన మొదటి నెల 3.52 చూసి చాలా సంతోషించాను, తోటి బండ్లవాళ్లకూ చెప్పాను. కానీ నేను ఏళ్ల తరబడి వెళ్లే ఒక దారి ఉంది. ఈ చివర నుంచి ఆ చివరకు ఎప్పుడు చూసినా 412 కిలోమీటర్లే. ఆ నెలలో అదే దారికి మీటరు 424 చూపించింది. ఒకసారి పొరపాటు పడ్డాననుకున్నాను. తిరుగు ప్రయాణంలోనూ 424. రోడ్డు ఎక్కడా మారలేదు మరి.

వర్క్‌షాపుకు తీసుకెళ్లి ల్యాప్‌టాప్ పెట్టిస్తే అసలు విషయం బయటపడింది. కిలోమీటరుకు టైరు ఎన్నిసార్లు తిరుగుతుందో ఇంజిన్ కంప్యూటర్‌లో ఒక అంకె రాసి ఉంటుంది. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించినప్పుడు నా టైర్లకు పెట్టిన అంకె పోయి, కంపెనీ పెట్టే మామూలు అంకె వచ్చి కూర్చుంది. దాంతో మీటరు దాదాపు 3 శాతం ఎక్కువ తిరిగింది. డీజిల్ అంతే, కిలోమీటర్లు మాత్రం ఎక్కువ. అలా పెరిగిందనుకున్న మైలేజీలో దాదాపు సగం ఉత్తుత్తిదే అయింది. ఆ అంకెను సరిచేశాక వరుసగా నెలలు రాసుకుంటే 3.42 దగ్గర నిలబడింది. డ్యాష్‌బోర్డు చూపించే 3.7, ఇంజెక్టర్లు ఎంత డీజిల్ చిమ్మాయన్న అంచనా మీద వచ్చే లెక్క. దాన్ని నేను ఇప్పుడు నమ్మడం మానేశాను. పంపు దగ్గర ట్యాంకు నిండా పోయించి, మళ్లీ నిండా పోయించేదాకా నడిచిన దూరాన్ని లీటర్లతో భాగించడమే నాకు కుదిరిన పద్ధతి.

టైరు అంకె ఒక్కటే పోలేదు. నిలబడి ఉన్న బండి ఇంజిన్‌ను 5 నిమిషాల తర్వాత ఆపేసే సెట్టింగు కూడా పోయింది. ఇంత పెద్ద ఇంజిన్ ఊరికే తిరుగుతూ ఉంటే గంటకు 3 లీటర్ల దాకా తాగుతుంది. రాత్రి నిద్రలో గమనించకుండా రెండు గంటలు తిరిగితే ఆ రోజు అప్‌డేట్ ఆదా అంతా పోయినట్టే. కాబట్టి సాఫ్ట్‌వేర్ మార్చకముందే పాత సెట్టింగులన్నీ కాగితం మీద ప్రింటు తీయించుకోండి. మార్చాక రెండో ప్రింటు తీయించి, పక్కపక్కన పెట్టి ఒక్కో వరుస చూడండి. అరగంట పడుతుంది. ఆ అరగంట నేను పెట్టి ఉంటే రెండు నెలల గందరగోళం తప్పేది.

ఎక్కించే పని కూడా అనుకున్నంత తేలిక కాదు. మొదటిసారి మధ్యలో బ్యాటరీ ఓల్టేజీ పడిపోయి పని ఆగిపోయింది, ఇంజిన్ స్టార్ట్ కాలేదు. ఆ వర్క్‌షాపు వాళ్లు ఛార్జర్ తగిలించకుండానే మొదలుపెట్టారు. సగం రోజు పోయింది, నాకు చెమటలు పట్టాయి. రెండోసారి ఛార్జర్ పెట్టి ఎక్కిస్తే గంటలోపే అయిపోయింది. ఛార్జర్ కనిపించకపోతే మొహమాటపడకుండా అడగండి.

నడపడంలో తేడా ఎక్కడ తెలిసిందంటే, ఎక్కుడు దారుల్లో. ఇంతకుముందు చిన్న ఎత్తు వచ్చినా గేరు కిందికి పడి ఇంజిన్ గోల పెట్టేది. ఇప్పుడు 1,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గరకు వచ్చేదాకా పై గేరులోనే లాగుతుంది. మొదట్లో బండి మూలుగుతోందేమో అనిపించి యాక్సిలరేటర్ నొక్కేవాణ్ని. నొక్కగానే గేరు పడేది, లాభం పోయేది. కాలును ఓపిక పట్టమని నేర్పడానికి నాకు నెల పట్టింది. చదును రోడ్డు మీద 80 వేగంలో మాత్రం ఆర్‌పీఎం ఏమీ మారలేదు. అది డిఫరెన్షియల్ రేషియో, టైరు సైజుల మీద ఆధారపడే విషయం. సాఫ్ట్‌వేర్ పెట్టిస్తే అదీ తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

మ్యాపు చూసి ముందున్న ఎత్తుపల్లాలను బట్టి వేగం సర్దే క్రూజ్ కంట్రోల్ కూడా ఈ అప్‌డేట్‌తోనే నా బండిలో మొదలైంది. మెర్సిడెస్ బెంజ్ 2012లోనే పెద్ద ట్రక్కుల్లో ఇలాంటిది తెచ్చింది. గట్టు పైకి చేరబోయే ముందే డీజిల్ తగ్గించి, దిగుడులో బండి బరువును వాడుకుంటుంది. కొండ దారిలో దీని పనితనం నాకు చాలా నచ్చింది. చదును దారిలో ఉన్నా లేకపోయినా నా లెక్కలో తేడా రాలేదు. కాబట్టి చదును దారుల్లోనే తిరిగేవాళ్లకు నా మూడున్నర శాతం కూడా రాకపోవచ్చు.

ఫిల్టర్, ఎస్‌సీఆర్ పీకేసి వేరే ఫైలు ఎక్కిస్తే పది శాతం వస్తుందని చెప్పేవాళ్లు నన్నూ కలిశారు. నేను ఒప్పుకోలేదు. అది చాలా దేశాల్లో చట్టవిరుద్ధం. పైగా ఆ పొగను మొదట పీల్చేది బండి పక్కన నిలబడే మనమూ, క్లీనరూ, రోడ్డు పక్కనున్న పిల్లలూ. నాకొచ్చిన 106 లీటర్లు ఏ ఫిల్టరూ పీకకుండానే వచ్చాయి. ఒక లీటరు డీజిల్ కాలితే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఆ లెక్కన ఏడాదికి మూడు టన్నులకు పైగా తగ్గింది.

వేగం, టైరు గాలి లెక్కలు మాత్రం ఎప్పటిలాగే నా చేతిలోనే ఉన్నాయి. 80 బదులు 90లో వెళ్తే ఎదురుగాలి తోపు నాలుగో వంతుకు పైగా పెరుగుతుంది. అలా వెళ్లిన వారాల్లో నా నోట్‌బుక్కులో 3.30 కంటే తక్కువే వచ్చింది, కొత్త సాఫ్ట్‌వేర్ ఉన్నా సరే.

మొన్న ఇంకో అప్‌డేట్ వచ్చిందని వర్క్‌షాపు నుంచి కబురొచ్చింది. వచ్చే నెల రెండో వారంలో వస్తానన్నాను. ఈలోపు టైర్లు సరిచూసుకుని, ఆరు ట్యాంకుల లెక్క కొత్త పేజీలో రాసుకోవాలి. ప్రింటు కాగితం సిద్ధంగా పెట్టమని, ఛార్జర్ తగిలించాకే ల్యాప్‌టాప్ తెరవమని ఫోన్‌లోనే చెప్పాను.