జాగ్రత్త: "పని చోట గ్రీకు" పీడీఎఫ్ కొనే ముందు కోత పదాలు చూడండి

గ్రీస్‌కో సైప్రస్‌కో హోటల్ పనికి, ఇంటి పనికి, తోట పనికి బయల్దేరుతున్న మనవాళ్లందరూ దయచేసి ఇది చదవండి. పని చోట వాడే ఇంగ్లీషు–గ్రీకు పదాలంటూ కొన్ని వాట్సాప్ గ్రూపుల్లో ఒక పీడీఎఫ్, దానితో పాటు ఒక కార్డుల కట్ట అమ్ముతున్నారు. ధర 1,499 రూపాయలు. యూపీఐలో డబ్బు పడ్డాక లింకు వస్తుంది. సైప్రస్‌లోని లిమసోల్‌లో ఒక హోటల్ వంటింట్లో పని చేస్తున్నాను కాబట్టి పనికొస్తుందని నేనూ కొన్నాను. అది నమ్ముకుని ఎవరైనా వంటింట్లో కత్తి పట్టుకుంటే ఏమవుతుందోనని నాకు నిజంగా భయంగా ఉంది.

పుస్తకం మొత్తం తిరగేయక్కర్లేదు. కోయడం, తరగడం గురించిన భాగం ఒక్కటి చూస్తే దాని పస తెలిసిపోతుంది. ఉల్లిపాయ "డైస్" చెయ్యమనే మాటకు ఎదురుగా "జారియా" అని వేశారు. జారియా అంటే పాచికలు, ఆటలో దొర్లించేవి. ఉల్లిపాయను చిన్న చదరపు ముక్కలుగా తరగమని ఇక్కడి వంటవాళ్లు చెప్పాలంటే "సె కివాకియా" అంటారు. ఇంగ్లీషు "సా" (saw) అనే మాటకు రంపం అన్న అర్థం రావాల్సిన చోట "ఈదా" అని ఉంది. ఈదా అంటే "చూశాను". చెట్ల కొమ్మలు కత్తిరించడానికి ఇంగ్లీషులో వాడే "ప్రూన్" పక్కన ఏకంగా ఒక పండు పేరు, దమాస్కినో, పెట్టారు. ఆలివ్ తోట యజమాని "క్లదేవో" అన్న మాట వాడతాడు. ఈ పుస్తకం చదివి వెళ్లినవాడికి ఆ మాట చెవిన పడినా అర్థం కాదు. ఏదో యంత్రంలో ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటీ పడేసి, వచ్చిందల్లా అచ్చేశారు. గ్రీకు తెలిసిన మనిషి ఒక్కరు కూడా దాన్ని చూడలేదు.

వీటన్నిటిలోకీ ఘోరం "కోల్డ్ కట్స్" కార్డు. హామ్, సలామీ లాంటి చల్లటి మాంసం ముక్కలకు గ్రీకులో "అలందికా" అని విడిగా ఒక మాట ఉంది. కార్డు మీద మాత్రం "క్రియా కొప్సీమతా" అని ఉంది, అంటే చల్లటి కోతలు. దాన్ని మా షెఫ్‌కి చూపించాను. ఆవిడ చదివి, కార్డు తిరగేసి బల్ల మీద పెట్టి, "ఇది మాత్రం బఫే దగ్గర చీటీ మీద ఎప్పుడూ రాయకు" అంది. "కొప్సీమతా"కు ఏకవచనం "కోప్సిమో". దానికి కోత అనే అర్థం ఉన్నా, వాడుకలో విరేచనాలు పట్టుకున్నాయని చెప్పడానికి కూడా అదే మాటట. పొద్దున్నే టిఫిన్‌కి వచ్చే అతిథుల ముందు ఆ చీటీ పెడితే కొత్తగా చేరినవాళ్ల ఉద్యోగం ఏం కావాలి?

ఇంకో సంగతి ప్రాణం మీదకు తెచ్చేది. ఈ పుస్తకంలో "కట్" అన్న ప్రతిచోటా "కోవో" అనే ఉంది. ఆ మాట తప్పేమీ కాదు, కానీ కోవో అంటే "నేను కోస్తాను" అని. ఇంగ్లీషు "టు కట్" లాంటి క్రియారూపం ఇప్పటి గ్రీకులో లేదు, అందుకే నిఘంటువుల్లో "నేను" రూపమే ఇస్తారు. వంటింట్లో వినబడేది వేరు. "కోప్సె" అంటే కొయ్యి. "కోవె" అంటే కోస్తూ ఉండు. "మిన్ కోవిస్" అంటే కొయ్యకు. "కోప్స్ తో" అంటే దాన్ని కొయ్యి అని, అదే గట్టిగా అంటే ఇక ఆపు అని. చెయ్యి తెగినప్పుడు అరవాల్సిన మాట "కోపికా", నాకు తెగింది అని. ఈ ఒక్క మాట పుస్తకంలో ఎక్కడా లేదు. రక్తం కారుతుంటే "కోవో, కోవో" అని అరిస్తే, ఏదో కోస్తున్నాడులే అనుకుని పక్కవాళ్లు తిరిగి కూడా చూడరు. వంటింటి పదాల పుస్తకమని అమ్మేవాళ్లు ఆ మాట పెట్టకపోవడం నేను క్షమించలేను.

జీతం కోత, జుట్టు కత్తిరింపు, కరెంటు పోవడం, మూడింటికీ ఒకే "కోప్సిమో" అంటించారు. జీతంలో కోతకు "పెరికొపీ" అనాలి. క్షవరానికి "కూరెమా". సైప్రస్‌లో ఈ మాటకు ఇంకో చేదు అర్థం కూడా ఉంది. 2013లో బ్యాంకు ఆఫ్ సైప్రస్‌లో లక్ష యూరోలకు పైబడ్డ డిపాజిట్లలో 47.5 శాతం కత్తిరించారు, దాన్నీ కూరెమా అనే అంటారు. ఇక్కడి పెద్దవాళ్లతో డబ్బు ప్రస్తావన వస్తే ఆ మాట వినబడుతుంది, మంగలి షాపు సంగతి అనుకోకండి. కరెంటు పోతే "దియాకొపీ". అదే బహువచనంలో "దియాకొపేస్" అంటే అంతరాయాలనే కాదు, సెలవులు కూడా. యజమాని ఆగస్టులో దియాకొపేస్ అన్నాడంటే కరెంటు గురించి టెన్షన్ పడక్కర్లేదు.

నిజానికి మనకు ఇది అంత కష్టం కాకూడదు. కూరగాయలు తరుగుతాం, కోడిని కోస్తాం, చెట్టు నరుకుతాం, జుట్టు కత్తిరిస్తాం, కొబ్బరి తురుముతాం. ఇంగ్లీషులో "కట్" ఒక్కటే చాలాచోట్ల నెట్టుకొస్తుంది కానీ తెలుగు అలా కాదు, గ్రీకూ అలా కాదు. సన్నగా తరిగితే "ప్సిలొకొమెనో", ముతకగా తరిగితే "హొంద్రొకొమెనో", తురిమితే "త్రిమెనో", బ్రెడ్డు, టమాటా పలచగా పొడుగ్గా కోస్తే "సె ఫేతెస్". ఫెటా చీజ్‌లోని ఫెటా ఆ మాటే. కొట్టిన మాంసం "కిమాస్", అంటే మన ఖీమాయే, రెండింటి మూలం తుర్కీలో ఉంది. మధ్యలో ఇంగ్లీషు లేకుండా తెలుగు నుంచి నేరుగా నేర్పితే వారంలో వంటికి పట్టే విషయాన్ని వీళ్లు చెడగొట్టి అమ్ముతున్నారు.

ఏ అక్షరాన్ని ఒత్తి పలకాలో చూపే ఒత్తు గుర్తులు కూడా ఈ పుస్తకంలో తీసేశారు. 1982 నుంచి గ్రీకులో ఒకే ఒత్తు గుర్తు వాడుతున్నారు, అదీ తప్పనిసరి. "పోతె" అని మొదటి అక్షరం మీద ఒత్తి పలికితే ఎప్పుడు అని, "పొతే" అని చివర ఒత్తితే ఎన్నడూ కాదని అర్థం. గుర్తు లేని పుస్తకం చూసి పలికితే ఏది అన్నారో మీకే తెలియదు.

డబ్బు వెనక్కి అడిగితే "డిజిటల్ సరుకు, వాపసు లేదు" అని ఒక్క ముక్క రాసి నంబరు బ్లాక్ చేశారు. అలాగని వదలకండి. అమ్మేది మన దేశంలోంచి అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. ప్రకటన స్క్రీన్‌షాట్, యూపీఐ రసీదు, తప్పులున్న పేజీలు దగ్గర పెట్టుకోండి. నేను ఫిర్యాదు పెట్టాను.

ఇంకా కొననివాళ్లు డబ్బు కట్టక ముందే ఒక పేజీ నమూనా అడగండి. ఉల్లిపాయ "డైస్" చెయ్యడం, "కోల్డ్ కట్స్", "నాకు చెయ్యి తెగింది", ఈ మూడూ గ్రీకులో ఏమిటో చూపించమనండి. చూపించకుండా ఆఫర్ ఈ రాత్రితో అయిపోతుందని తొందరపెడితే కట్టకండి. ఈలోపు డబ్బు ఖర్చు లేకుండా నేర్చుకునే దారి ఉంది. థెస్సలొనీకీ విశ్వవిద్యాలయం వాళ్ల త్రియందఫిలిదిస్ నిఘంటువు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఆకిస్ పెట్రెట్జికిస్ అనే షెఫ్ వంటకాలు ఇంగ్లీషులోనూ గ్రీకులోనూ ఉంటాయి. ఒకే వంటకాన్ని రెండు భాషల్లో పక్కపక్కన తెరిచి చదివితే ఏ తరుగుకు ఏ మాటో కళ్లెదుటే కనబడుతుంది.

ఇదే పీడీఎఫ్ కొని మోసపోయినవాళ్లు ఉంటే నాకు చెప్పండి. అందరం విడివిడిగా 1915కి చేద్దాం, ఒకే అమ్మకందారు మీద ఫిర్యాదులు ఎన్ని ఎక్కువైతే అంత మంచిది.