హిట్ అండ్ రన్ మరణం: 106(1) చాలా, 105 కోసం పట్టుబట్టాలా?

"గుద్ది పారిపోయాడు, మనిషి పోయాడు. అయినా 106(1) వేసి బెయిల్ ఇచ్చి పంపేశారు. 105 వేయించలేమా?" మృతుల బంధువులు లాయర్లను పదే పదే అడిగే ప్రశ్న ఇది. ఆ కడుపుకోతలో అడగాల్సిన ప్రశ్నే. అయితే పారిపోవడం ఒక్కటే 106(1)ను 105గా మార్చేయదు.

బీఎన్‌ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 106(1) నిర్లక్ష్యం వల్ల మరణం. గరిష్ఠంగా ఐదేళ్లు, బెయిలబుల్, ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ దగ్గర విచారణ. 105 హత్య కిందికి రాని నరహత్య. మరణం సంభవించవచ్చని తెలిసీ చేశాడని తేలితే పదేళ్ల దాకా, నాన్‌బెయిలబుల్, సెషన్స్ కోర్టు. ప్రమాదం 2024 జూలై 1కి ముందు జరిగి ఉంటే 106(1)కి బదులు పాత ఐపీసీ 304ఏ (రెండేళ్లు), 105కి బదులు 304 రెండో భాగం వర్తిస్తాయి. పారిపోతే పదేళ్లు అన్న 106(2)ను 2024 జనవరిలో లారీ డ్రైవర్లు సమ్మెకు దిగాక కేంద్రం పక్కనపెట్టింది. చట్టం అమల్లోకి వచ్చింది కానీ ఆ ఉపసెక్షన్ రాలేదు. దాని కింద కేసు పెట్టమని తిరగడం దండగ.

105కి కావాల్సిన ఆ "తెలిసీ" అన్నది గుద్దిన క్షణానికి సంబంధించినది. తర్వాత భయపడి పారిపోయినంత మాత్రాన అంతకుముందు అతనికి ఏం తెలుసో రుజువు కాదు. ముంబై కార్టర్ రోడ్డులో ఏడుగురు చనిపోయిన అలిస్టర్ పెరీరా కేసులో, ఢిల్లీలో ఆరుగురు చనిపోయిన సంజీవ్ నందా కేసులో సుప్రీంకోర్టు 2012లో 304 రెండో భాగమే వర్తిస్తుందంది. శిక్షలు చూడండి: మొదటి దాంట్లో మూడేళ్లు, రెండో దాంట్లో అప్పటికే అనుభవించిన రెండేళ్లు, పైన 50 లక్షల రూపాయలు, సమాజసేవ. రెండూ నేటి 106(1) గరిష్ఠ శిక్ష కన్నా తక్కువే.

అందుకే సెక్షన్ నంబరు కన్నా ఆ గుద్దుడుకూ ఆ చావుకూ మధ్య లంకె ముఖ్యమంటాను. కేసులు ఎక్కువగా తెగిపోయేది అక్కడే. "అతివేగంగా వచ్చాడు" అని సాక్షి చెబితే చాలదని 1998లో కర్ణాటక ప్రభుత్వం వర్సెస్ సతీష్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. టైరు మరకలు ఎంత పొడవున్నాయి, మనిషి ఎంత దూరం ఎగిరిపడ్డాడు, హెడ్‌లైట్ ముక్కలు ఎక్కడ పడ్డాయి అన్నవి కొలతలతో సహా పోలీసులు గీసే స్కెచ్‌లో ఉండాలి. లైసెన్స్ లేకపోవడం కూడా అంతే. అది వేరే నేరం, దానంతటదే మరణానికి కారణం కాదని సులేమాన్ ములాని కేసు చెబుతుంది.

రెండు బళ్లు ఉన్నప్పుడు చిక్కు మరీ ఎక్కువ. చీకట్లో హైవే మీద బైక్ గుద్దితే పడిపోయిన మనిషి మీదుగా కాసేపటికి లారీ వెళ్లింది, ఇద్దరూ పరారీ అనుకోండి. చంపింది లారీ అని బైకతను, అప్పటికే ప్రాణం పోయిందని లారీ డ్రైవరు అంటారు. దీన్ని తేల్చగలిగేది పోస్ట్‌మార్టం టేబుల్. ప్రాణం ఉండగా తగిలిన గాయం చుట్టూ కండలోకి రక్తం ఇంకుతుంది. పోయాక నలిగిన చోట చర్మం పసుప్పచ్చగా ఎండిన తోలులా ఉండి, లోపల రక్తపు గుర్తు దాదాపు ఉండదు. కాలి ఎముక మడమ నుంచి ఎంత ఎత్తులో విరిగిందో కొలిస్తే ఏ బంపరు తగిలిందో పోల్చి చూడొచ్చు. కానీ చాలా రిపోర్టుల్లో "తల, ఛాతీ గాయాల వల్ల షాక్, రక్తస్రావం" అన్న ఒక్క ముక్కే ఉంటుంది. ఏ గాయాలు బతికుండగా తగిలినవి, వాటిలో ప్రాణం తీయగలిగినవి ఏవి, గుద్దాక సుమారు ఎంతసేపు బతికి ఉండొచ్చు అన్న మూడు ప్రశ్నలూ దర్యాప్తు అధికారి డాక్టరుకు రాసే లేఖలోనే ఉండాలి. దహనం అయ్యాక అడిగి లాభం లేదు.

మూడో ప్రశ్న దగ్గరే పారిపోవడానికి అసలు బరువు వస్తుంది. మెదడు చితికి అక్కడికక్కడే పోతే, డ్రైవరు ఆగినా ఆగకపోయినా ఆ ప్రాణం దక్కేది కాదు. తుంటి ఎముక విరిగి గంటల తరబడి రక్తం కారి పోయాడంటే సంగతి వేరు. వైద్యం అందేలా చూడటం మోటారు వాహనాల చట్టం 134 కింద డ్రైవరు బాధ్యత (జనం మీద పడేలా ఉంటే మినహాయింపు ఉంది). చట్టవిరుద్ధంగా చేయకపోవడం కూడా చేసిన పనే అంటుంది బీఎన్‌ఎస్ 3(4). గాయపడ్డవాణ్ని చూసి, పోతాడని తెలిసీ వదిలేశాడన్నదానికి సాక్ష్యం ఉంటే ఈ దారిలో 105 వాదించవచ్చు. "ఆసుపత్రిలో సరిగ్గా చూసుంటే బతికేవాడు" అన్న వాదనను నరహత్యను నిర్వచించే బీఎన్‌ఎస్ 100వ సెక్షన్ వివరణ అడ్డుకుంటుంది. అయితే ఆ వివరణ నరహత్యకు రాసినది. 106లో అలాంటిది లేదు, అక్కడ కోర్టులు చూసేది ప్రత్యక్ష, సమీప కారణాన్నే.

మనిషి బండి కింద ఇరుక్కున్నాడని తెలిసీ ఈడ్చుకెళ్లినా, రివర్స్ చేసి మళ్లీ ఎక్కించినా 105కి తగ్గకూడదు. 2023 జనవరి 1న ఢిల్లీ కంఝావలాలో యువతిని కారుతో ఈడ్చుకెళ్లిన కేసులో హత్యాభియోగమే పెట్టారు.

తాగి నడిపిన కేసుల్లో అసలు అన్యాయం ఇక్కడుంది: పారిపోయి మర్నాడు లొంగిపోతే రక్తంలో మద్యం మిగలదు. 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాముల పరిమితి ఇంకేం పనికొస్తుంది? బార్ బిల్లు, యూపీఐ చెల్లింపు, పార్కింగ్ సీసీ కెమెరా దృశ్యాలు వెంటనే సేకరించాలి. కెమెరాల్లో పాత రికార్డింగ్ చెరిగిపోతుంది. కాపీతో పాటు అది అసలైనదేనని ధ్రువీకరించే సర్టిఫికెట్ భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్య చట్టం) 63 కింద తీసుకోకపోతే అది కోర్టులో నిలవదు.

పైన చెప్పిన ఆధారాలు చేతిలో ఉంటే 105 కోసం పట్టుబట్టండి. లేకపోతే లంకె గట్టిగా ఉన్న 106(1)కే నా ఓటు. ఉత్త 105 వేస్తే సెషన్స్‌లో అభియోగం కొట్టేయమని డిశ్చార్జ్ పిటిషన్, ఆపైన హైకోర్టు, చివరికి ఫైలు మళ్లీ మేజిస్ట్రేట్ దగ్గరికే. ఈలోగా సాక్షులు చెదిరిపోతారు. విచారణలో కొత్త ఆధారం బయటపడితే పై కోర్టుకు పంపే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది, తీర్పుకు ముందు ఎప్పుడైనా అభియోగం మార్చవచ్చు. 106(1)తో పాటు మోటారు వాహనాల చట్టం 134, దాన్ని ఉల్లంఘిస్తే శిక్ష చెప్పే 187 కచ్చితంగా పెట్టించండి. బంపరు మార్పించినా బండి కడిగించినా సాక్ష్యం మాయం చేసినందుకు బీఎన్‌ఎస్ 238 కూడా. బండి నంబరు దొరికి డ్రైవరు తెలియకపోతే మోటారు వాహనాల చట్టం 133 కింద ఓనరుకు నోటీసు ఇప్పించండి, పేరు చెప్పడం అతని బాధ్యత. బండే దొరకకపోతే అదే చట్టం 161 కింద 2 లక్షల పరిహారానికి దరఖాస్తు పెట్టుకోండి.