ముప్పావులో పరకలెన్ని? మూడు తరాల లెక్కల్లో ఏది మేలు

మొన్న ఆదివారం పొయ్యి మీద దిబ్బరొట్టి కాలుతుండగా మా అమ్మాయి హోంవర్క్ తెచ్చి నా ముందు పెట్టింది. ఏడో తరగతి, భిన్నాల భాగహారం: 3/4 ÷ 1/8. "రెండోదాన్ని తిరగేసి గుణించు, ఆరొస్తుంది" అన్నాను. "ఎందుకు తిరగేయాలమ్మా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇంటర్‌లో ఎంపీసీ చదివాను, లెక్కల్లో ఎప్పుడూ మంచి మార్కులే. కానీ ఆ "ఎందుకు" నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు.

పేపరు చదువుతున్న మా నాన్నగారు లేచి వచ్చారు. కాలిన రొట్టిని పళ్లెంలోకి తీసి ఎనిమిది ముక్కలు కోశారు. రెండు ముక్కలు పక్కకు జరిపి, "ఇప్పుడున్నది ముప్పావు. ఒక్కో ముక్క పరక. ముప్పావులో పరకలెన్ని తల్లీ?" అన్నారు. అది లెక్కపెట్టి ఆరంది. కాసేపు రొట్టినే చూసి, "మొత్తం రొట్టిలో ఎనిమిది పరకలున్నాయి కాబట్టే ఎనిమిదితో గుణిస్తున్నామా తాతయ్యా?" అని అడిగింది. నేను స్టవ్ కట్టేసి అక్కడే కూర్చుండిపోయాను.

అప్పట్నుంచీ మా మూడు తరాల చదువులనూ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను.

నాన్నగారిది గుంటూరు దగ్గర పల్లెటూరు. పలక, బలపం, పొద్దున్నే వరసగా నిలబడి ఎక్కాలు అప్పజెప్పడం. రెండో ఎక్కం, మూడో ఎక్కంతో పాటు అర ఎక్కం, ముప్పావు ఎక్కం కూడా. దానికి కారణం డబ్బే. అప్పుడు రూపాయికి 16 అణాలు, పిల్లలు తికమకపడే రోజులు. నాన్నగారు మాత్రం రూపాయిని సగం చేస్తూ పోతే చాలంటారు. సగం అర్ధరూపాయి, అందులో సగం పావలా, అందులో సగం బేడ, అందులో సగం అణా. భాగాల్లో అయితే అర, పావు, పరక, వీసం. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి 100 నయా పైసలయ్యాయి, తర్వాత కొన్నేళ్లకే వీశలు, మణుగులు పోయి కిలోలొచ్చాయి. దశాంశాలు రాగానే పరకకీ వీసానికీ బజార్లో పని లేకుండా పోయింది, బళ్లోంచీ పోయాయి.

ఆయన మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా పనిచేశారు. ఇప్పటికీ మనవరాలికి లెక్కలిస్తుంటారు. ఏడు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కలిపి 301 కిలోలు తూగాయి, క్వింటా 14,500, రైతుకెంత? అమ్మాయి కాగితం మీద 301ని 145తో గుణించడం మొదలుపెడుతుంది. ఆయన కళ్లు మూసుకుని "మూడు క్వింటాళ్లకు 43,500, మిగిలిన కిలోకి 145, మొత్తం 43,645" అనేస్తారు. ఇది ఒట్టి బట్టీ కాదు. అంకెను ఎక్కడ విరిస్తే తేలిగ్గా తెగుతుందో ఆయనకు తెలుసు.

అయితే ఆ పద్ధతికి మూల్యం ఉంది. అప్పజెప్పలేనివాడికి గోడకుర్చీ, తొడపాశం. లెక్కలంటే భయపడి బడి మానేసి పొలానికెళ్లిన తోటిపిల్లల గురించి చెప్పేటప్పుడు నాన్నగారి గొంతు ఇప్పటికీ మారుతుంది. 2009 విద్యా హక్కు చట్టం పిల్లల్ని కొట్టడాన్ని నిషేధించింది. ఈ ఒక్క విషయంలో పాతకాలమే మేలు అనేవాళ్లతో నేను ఒప్పుకోను.

నాది విజయవాడ, 90ల నాటి తెలుగు మీడియం. మాకు అన్నీ మెట్లు. దత్తాంశం (ఇచ్చింది), సారాంశం (నిరూపించాల్సింది), నిర్మాణం (గీసుకోవాల్సింది), ఉపపత్తి (నిరూపణ). ఒక మెట్టు తప్పితే ఒక మార్కు పోతుంది. ఆ క్రమశిక్షణ మంచిదే, ఇప్పటికీ ఏ పనైనా వరసలో ఆలోచిస్తాను. ఇంకొక మంచి ఏమిటంటే పేరులోనే అర్థం ఉండేది. సమద్విబాహు త్రిభుజం అంటే రెండు భుజాలు సమానమని వేరే చెప్పక్కర్లేదు. మా అమ్మాయి ఐసోసెలెస్ అనే మాట స్పెల్లింగుతో సహా బట్టీ పడుతోంది. కానీ ఇంటర్‌కొచ్చేసరికి నా చదువు ఎంసెట్ చుట్టూ తిరిగింది. 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలే. ఆలోచించడానికి టైమెక్కడిది? ఆప్షన్లు వేసి చూడటం, షార్ట్‌కట్ గుర్తుంచుకోవడం. "తిరగేసి గుణించు" నాలో అలాగే ఉండిపోయింది.

ఇక మా అమ్మాయి పుస్తకం చూస్తే నాకు ముచ్చటేస్తుంది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక తర్వాత లెక్కల పుస్తకాల తీరు మారింది. కాగితం మడిచి భిన్నాలు చూడమంటారు, అగ్గిపుల్లలతో నమూనాలు పేర్చమంటారు. అంటే నాన్నగారి రొట్టికీ, ఈ మడత కాగితానికీ తేడా లేదు. తాతా మనవరాలూ ఒకే చోట ఉన్నారు, మధ్యలో నా తరమే పక్కకు పోయింది. కష్టం పుస్తకంలో లేదు. కాగితం మడిచే పేజీని బళ్లో దాటేసి వర్క్‌షీట్లు ఇస్తున్నారు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటూ పదకొండేళ్ల పిల్లకు గడియారం పెట్టి లెక్కలు చేయిస్తున్నారు. నేను ఇంటర్‌లో పడ్డ టెన్షన్ అది ఇప్పుడే పడుతోంది.

కాబట్టి ఏది మేలని అడిగితే, ఐదో తరగతి దాకా నాన్నగారి నోటి లెక్కకే నా ఓటు, బెత్తం లేకుండా. ఏడు ఎనిమిదులు యాభై ఆరని తడుముకోకుండా వస్తే పైతరగతుల్లో బుర్ర అసలు ప్రశ్న మీద ఉంటుంది. ఆరు నుంచి కొత్త పుస్తకం పద్ధతి, ఒక్క పేజీ కూడా దాటేయకుండా. మెట్లు రాయడం నా తరం నుంచి ఉంచుకోవచ్చు. ఫౌండేషన్ క్లాసు మాత్రం ఇప్పుడొద్దు. వచ్చే నెల నుంచి మాన్పిస్తున్నాను, ఆ గంటా తాతయ్యది.

ప్రభుత్వ బడి పుస్తకం కూడా ఒకటి తెచ్చాను. అందులో ఒక పక్క తెలుగు, ఎదురుగా ఇంగ్లిష్ ఉంటాయి. నిన్న రాత్రి మా అమ్మాయి ఐసోసెలెస్ ఉన్న పేజీ తీసి, ఎదురు పేజీలో తెలుగు మాట కూడబలుక్కుని చదివింది. "సమ, ద్వి, బాహు... ఓ, రెండు చేతులు సమానమా!" అని రెండు చేతులూ చాచి చూపించింది.