పంచదార పాకంలో పండ్లు వేయించడానికి త్రీప్లై స్టీల్ పాన్: వాడి చెబుతున్నాను

ముందే చెప్పేస్తాను. అరటిపండో అనాసపండో పంచదారలో ఎర్రగా వేయించుకుని వేడివేడిగా ఐస్‌క్రీమ్‌తో కలిపి తినడం మీకు ఇష్టమైతే 24 సెంటీమీటర్ల త్రీప్లై (అంటే మూడు పొరల) స్టీల్ ఫ్రైపాన్ కొనుక్కోండి, డబ్బు వృథా కాదు. దోసెలకో ఆమ్లెట్లకో అయితే మాత్రం దీని జోలికి పోవద్దు, అతుక్కుని విసిగిస్తుంది. నేను కొన్నది పండ్ల కోసమే, ఎక్కువగా వాడుతున్నదీ వాటికే, అందుకని ఈ రివ్యూ అంతా ఆ ఒక్క పని గురించే.

కంపెనీ పేరు రాయడం లేదు. ఈ రకం పాన్‌లు ఇప్పుడు చాలామంది చేస్తున్నారు, పనితనంలో పెద్ద తేడా ఉండదు. చూడాల్సింది తయారీ. లోపల వంటకి పనికొచ్చే 304 గ్రేడ్ స్టీల్, మధ్యలో అల్యూమినియం, బయట ఇండక్షన్ మీద పనిచేసే అయస్కాంతం అంటుకునే స్టీల్, ఈ మూడు పొరలూ అడుగు నుంచి అంచు దాకా ఉండాలి. కొన్నిటికి అడుగున మాత్రమే ఒక మందపాటి బిళ్ల అతికించి ఉంటుంది, చూడటానికి గట్టిగానే కనిపిస్తుంది కానీ గ్యాస్ మీద పెడితే మంట ఆ బిళ్ల దాటి పలచటి పక్కగోడల్ని కాలుస్తుంది, పాకం చుట్టూ అంచునే మాడిపోతుంది. షాపులో చేత్తో పట్టుకుని పక్కగోడ మందం చూస్తే తెలిసిపోతుంది. ఆన్‌లైన్‌లో అయితే వివరాలు చదవండి, అంచు దాకా మూడు పొరలు అని స్పష్టంగా రాయకపోతే వదిలేయండి.

ఇంతకీ పండ్లకి స్టీలే ఎందుకంటే, రంగు కనిపిస్తుంది కాబట్టి. ఇదే అసలు విషయం. మన స్వీట్ల పాకాలన్నీ నీళ్లు పోసి పట్టేవే, తీగపాకం 110 డిగ్రీల దగ్గర వస్తుంది, ఉండపాకం దానికి ఇంకాస్త పైన, రెండు వేళ్ల మధ్య సాగదీసో, నీళ్ల గిన్నెలో చుక్క వేసో చూసుకుంటాం. కారమెల్ దగ్గర, అంటే నీళ్లు లేకుండా పంచదారనే ఎర్రగా కరిగించే దగ్గర, ఆ పరీక్షలేవీ పనికిరావు. పంచదార 160 డిగ్రీలు దాటాక రంగు తిరగడం మొదలుపెడుతుంది, అక్కడి నుంచి తేనె రంగు, తర్వాత డికాక్షన్ రంగు, ఇంకాస్త ఆగితే నల్లబడి చేదు. ఈ మొత్తం వ్యవహారం నిమిషంలో అయిపోతుంది. వేలు పెట్టి చూసే ప్రశ్నే లేదు, కన్నూ ముక్కూ తప్ప వేరే దారి లేదు. నల్లటి నాన్‌స్టిక్‌లో గానీ ఇనప పెనంలో గానీ ఆ రంగు ఎలా కనబడుతుంది? తెల్లగా మెరిసే స్టీల్ మీద మాత్రం తేనె రంగుకి డికాక్షన్ రంగుకి మధ్య ఉన్న ప్రతి ఛాయా కనిపిస్తుంది.

రెండోది, మాట వినడం. స్టవ్ సిమ్‌లో పెట్టగానే పాన్ వేడి కూడా వెంటనే తగ్గాలి. మధ్యలో ఉన్న అల్యూమినియం ఆ పని బాగా చేస్తుంది. ఇనప పెనం అలా కాదు, స్టవ్ ఆపేసినా ఐదారు నిమిషాలు కాలుతూనే ఉంటుంది, పాకం మన కళ్ల ముందే మాడిపోతుంది. పైగా అనాస పులుపుకి ఇనుము మీద నూనెతో పట్టించిన పొర దెబ్బతింటుంది, ముక్కకి ఇనుము రుచి వస్తుంది. ఇనప పెనం మీద నాకు ఎంతో గౌరవం, మినపట్టుకీ వేపుళ్లకీ దాన్ని మించింది లేదు, కానీ ఇది దాని పని కాదు. ఇంట్లో ఉండే పలచటి అల్యూమినియం మూకుడు అయితే మంట తగిలిన చోట కాలి, పక్కన పంచదార పంచదారగానే ఉండిపోతుంది.

అరటిపండు ఎలా చేస్తున్నానో చెబుతాను, పాన్ సంగతి దాంతోనే తెలుస్తుంది. పండు ఎంపిక ముఖ్యం. చక్కెరకేళి రుచిలో రాణే కానీ వేడికి నిలబడదు, పాకంలో పడగానే గుజ్జవుతుంది. బజార్లో ఎక్కడైనా దొరికే పొడుగాటి పచ్చ అరటి రకం, తొక్క పసుపు తిరిగి ఇంకా నల్ల మచ్చలు పడని దశలో తీసుకుంటే సరిపోతుంది. కేరళ నేంద్రం దొరికితే ఇక తిరుగులేదు, వాళ్లు దాన్ని నేతిలో వేయించుకుని తింటారు కదా, ఆ గట్టిదనం ఇక్కడ బాగా కలిసొస్తుంది.

ఖాళీ పాన్ మీడియం మంట మీద ఓ నిమిషం కాగనిచ్చి, మూడు టేబుల్‌స్పూన్ల పంచదార అడుగంతా పలచగా జల్లాలి. నీళ్లు వద్దు, గరిటె అసలు వద్దు. గరిటె పెట్టి తిప్పితే కరిగిన పంచదార మళ్లీ పలుకులు కడుతుంది. కాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది, టెన్షన్ పడి మంట పెంచకండి. తర్వాత అంచుల్లో తడి కనిపిస్తుంది, ఆ తడి లోపలికి పాకుతుంది, అప్పుడు పిడి పట్టుకుని పాన్‌ని నెమ్మదిగా చుట్టూ తిప్పుతూ పొడిగా ఉన్న పంచదారని తడిలోకి దించాలి. తేనె రంగు రాగానే సిమ్‌లో పెట్టి ఒక టేబుల్‌స్పూన్ వెన్న, చిటికెడు ఉప్పు. బుసబుసమని నురగ లేస్తుంది. అందులో నిలువుగా చీల్చిన అరటి ముక్కల్ని కోసిన వైపు కిందికి ఉండేలా పరిచి, కదపకుండా ఓ నిమిషం వదిలేయాలి. అట్లకాడతో అంచు కొంచెం ఎత్తి చూస్తే అడుగు గాజులా మెరుస్తూ ఎర్రగా ఉంటుంది, అప్పుడు తిప్పాలి. ఆఖర్న రెండు చెంచాల కమలారసమో కొబ్బరిపాలో పోస్తే పాకం ఒక్కసారి బిగుసుకుని ముద్ద కడుతుంది, కంగారొద్దు, అర నిమిషంలో మళ్లీ కరిగి సాస్ అవుతుంది. పైన యాలకుల పొడి. మొత్తం పది నిమిషాల లోపే.

పిల్లల్ని మాత్రం దగ్గరికి రానివ్వకండి. కాగిన నూనె కంటే ఇది ప్రమాదం, ఒంటి మీద పడితే అంటుకుని కాలుస్తూనే ఉంటుంది. రసం పోసేటప్పుడు మొహం పాన్ మీదికి వంచకూడదు, ఆవిరి ఎగజిమ్ముతుంది.

ఇదే పద్ధతిలో అమెరికాలో బనానాస్ ఫోస్టర్ అని ఒక పేరున్న డెజర్ట్ ఉంది, 1951లో న్యూ ఆర్లీన్స్‌లోని బ్రెనన్స్ రెస్టారెంట్‌లో పుట్టింది. ఆ ఊరి రేవుకి అప్పట్లో అరటిపళ్లు ఓడల కొద్దీ దిగేవి. వాళ్లు బ్రౌన్ షుగర్, వెన్న, దాల్చినచెక్క వేసి, రమ్ పోసి, టేబుల్ దగ్గరే మంట అంటిస్తారు. వీడియోలు చూసి మన వంటింట్లో చిమ్నీ కింద ఆ మంట జోలికి పోకండి, జిడ్డు పట్టిన ఫిల్టర్ అంటుకుంటే ఆర్పడం కష్టం. మంట లేకపోయినా రుచికి లోటేమీ ఉండదు.

నాకు వ్యక్తిగతంగా అరటి కంటే అనాసే ఇష్టం. వైజాగ్‌లో ఉంటున్నాం కాబట్టి సీజన్‌లో సింహాచలం కొండ అనాసలు దొరుకుతాయి, కోస్తేనే వీధంతా వాసన. దీంట్లో నీరు ఎక్కువ, అందుకే చక్రాలు కోశాక పొడి గుడ్డతో రెండు వైపులా అద్ది, ముందు కొంచెం నెయ్యితో ఉత్త పాన్ మీదే మచ్చలు పడేదాకా కాల్చి, తీసి పక్కన పెట్టి, ఆ తర్వాతే పంచదార వేయాలి. పాన్ అడుగున అంటిన ఆ గోధుమరంగు మరకలన్నీ పాకంలో కలిసిపోతాయి, ఆ రుచే వేరు. నాన్‌స్టిక్‌లో ఏదీ అంటదు, కాబట్టి ఆ రుచీ రాదు. ఇంకో లాభం ఉంది. పచ్చి అనాసని పాలతోనో మీగడతోనో కలిపితే కాసేపటికి చేదెక్కుతుంది, అందులో ఉండే బ్రోమెలైన్ అనే ఎంజైమ్ పాలలోని ప్రోటీన్‌ని విరగ్గొట్టడం వల్ల. బాగా వేడి తగిలితే ఆ ఎంజైమ్ పనిచేయదు, అందుకే ఇలా వేయించిన అనాసని ఐస్‌క్రీమ్‌తో ఎంచక్కా తినొచ్చు.

బెల్లంతో చేయొచ్చా అని మా చెల్లి అడిగింది. చేయొచ్చు, పక్కనే అనకాపల్లి ఉండగా బెల్లానికి కొదవేముంది. కాకపోతే బెల్లం మొదట్నుంచీ గోధుమరంగులోనే ఉంటుంది కాబట్టి రంగు చూసి ఆపే వీలు ఉండదు, పంచదార కంటే త్వరగా మాడుతుంది కూడా. దానికి నీళ్లు పోసి కరిగించి, వడకట్టి, చిక్కబడగానే ముక్కలు వేసేయాలి. రుచి బాగుంటుంది, కానీ అది బెల్లం పాకంలో అరటి, కారమెల్ కాదు. ఆ పనికి ఈ పాన్ అక్కర్లేదు, మీ దగ్గరున్న ఏ బాణలైనా చాలు.

ఇప్పుడు లోపాలు. పిడి పొడుగు, బరువు కూడా, చిన్న బర్నర్ మీద పండ్లు వేయకముందు ఖాళీగా ఉంటే వెనక్కి వాలిపోతుంది. పెద్ద బర్నర్ మీదే పెట్టాలి, అదీ మంట తగ్గించి. పిడిని బిగించిన రివెట్ల చుట్టూ పాకం చేరి గట్టిపడుతుంది, అక్కడ పాత టూత్‌బ్రష్ వాడాల్సిందే. నాకు మొదట వచ్చిన పీస్‌కి అడుగు సమంగా లేదు, గట్టు మీద పెడితే ఊగింది. గ్యాస్ మీద ఇది పెద్ద సమస్య కాకపోవచ్చు గానీ ఇండక్షన్ మీద వేడి ఒక పక్కకే తగులుతుంది. ఫొటో పెడితే మార్చి ఇచ్చారు, దానికి వారం పట్టింది. మీరు కూడా పెట్టె విప్పగానే గ్రానైట్ మీద పెట్టి చూసుకోండి, వాడాక మార్చరు.

కడగడం గురించి భయపడేవాళ్లు చాలామంది. నిజానికి దీనంత తేలిక లేదు. గట్టిపడిన పాకాన్ని పీచుతో గీకకండి, పాన్‌లో సగానికి నీళ్లు పోసి మరిగించండి, పంచదారే కదా, తనంతట తనే కరిగిపోతుంది. అలా కరిగిన నీళ్లు పారబోసి మామూలు సబ్బు, మెత్తటి స్పాంజ్. అడుగున నీలం, పసుపు ఛాయలు వస్తే నిమ్మచెక్కతో రుద్దితే పోతాయి. నిజంగా మాడిపోయి నల్లగా అంటుకుంటే వంట సోడా వేసిన నీళ్లు మరిగించి, రాత్రంతా నానబెట్టి తోమాలి, అప్పుడు కొంచెం శ్రమే.

ధర రెండు వేలకి కాస్త అటూ ఇటూ పెట్టాను. పండగ సేల్‌లో తగ్గుతాయి, తొందరలేకపోతే ఆగండి. సైజు విషయంలో మాత్రం రాజీ పడొద్దు. 20 సెంటీమీటర్లది ఇద్దరికీ చాలదు, ముక్కలు ఒకదాని మీద ఒకటి పడి వేగకుండా ఉడుకుతాయి. 28 అయితే మామూలు ఇంటి బర్నర్ దాన్నంతా సమంగా వేడి చేయలేదు, మధ్యలో మాడి అంచుల్లో పంచదార మిగులుతుంది. 24లో రెండు పెద్ద అరటిపళ్లు, లేదా నాలుగు అనాస చక్రాలు హాయిగా పడతాయి. చుట్టాలు వచ్చిన రోజున రెండు విడతలు చేయండి, మధ్యలో పాన్ కడగనక్కర్లేదు, మిగిలిన పాకం మీదే కొత్త పంచదార జల్లితే రెండో విడత ఇంకా త్వరగా కరుగుతుంది, అందుకని స్టవ్ దగ్గర నుంచి కదలకండి.