వన్ టు వన్ లెక్కల ట్యూషన్: ఏడాది దాటాక ఎలా ఉందంటే

మా పాపని నాలుగో తరగతిలో ఆన్‌లైన్ వన్ టు వన్ లెక్కల ట్యూషన్‌లో చేర్పించాం. ఇప్పుడు ఐదో తరగతి అయిపోవస్తోంది. ఒక్క పిల్లకి ఒక టీచరంటే అంతసేపూ ఏం చేస్తారన్నది చాలామందికి ఉండే అనుమానమే.

మొదటి క్లాసులో పాఠమేమీ చెప్పలేదు. కింది తరగతుల లెక్కలు కలగలిపి ఇచ్చారు. జవాబు ఒప్పయినా తప్పయినా టీచర్‌ది ఒకటే ప్రశ్న: "ఎలా చేశావో చెప్పమ్మా." 503 లోంచి 278 తీసేయమంటే మా పాప 375 అని రాసింది. ఇంట్లో అయితే 'అజాగ్రత్త' అని తేల్చేసేవాళ్లం. అడిగితే తెలిసింది, దానికో సొంత రూలుంది: ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్నది తీసేయడమే. 3లోంచి 8 పోదు కాబట్టి 8లోంచి 3 తీసింది. పదుల్లోనూ అంతే. టీచర్ తప్పని అనలేదు, "375కి 278 కలిపి చూడు" అన్నారు. 653 వచ్చేసరికి పిల్ల తనే ఆగిపోయింది. తర్వాత ఒక వందని పది పదులుగా, అందులో ఒక పదిని పది ఒకట్లుగా విడగొట్టించారు. 4 వందలు, 9 పదులు, 13 ఒకట్లు. 225 వచ్చింది. ఆ ఒక్క లెక్కకే క్లాసు సగం అయిపోయింది, నాకేం బాధ లేదు.

మామూలు రోజుల్లో ముందు పాతవి రెండు మూడు లెక్కలు, తర్వాత ఒక కొత్త విషయం, చివర కొంచెం హోంవర్క్. పిల్ల ఆలోచిస్తుంటే టీచర్ మాట్లాడరు. పక్కగదిలో కూర్చుని వింటున్న నాకే టెన్షన్. భిన్నాల్లో 1/2కి 1/3 కలిపి 2/5 అని రాసినప్పుడు కూడా ఆవిడ అడిగింది ఒక్కటే: "2/5 సగం కంటే ఎక్కువా, తక్కువా?" సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తగ్గడమేంటని పాపకే నవ్వొచ్చింది.

ఇక చిరాకులు. మధ్యలో చెప్పాపెట్టకుండా టీచర్‌ని మార్చేశారు. కొత్తాయన పిల్ల నోరు తెరిచేలోపే జవాబు చెప్పేసేవారు. గట్టిగా అడిగాక ఇంకొకరిని ఇచ్చారు. స్క్రీన్ మీది బోర్డు మీద మౌస్‌తో భాగహారం చేయిస్తే అంకెలు ఒకదాని కింద ఒకటి పడవు. కాగితం మీద చేసి కెమెరాకి చూపించడమే నయం. నెలనెలా పంపే రిపోర్టులో గ్రాఫు ఎప్పుడూ పైకే పోతుంది, దానికంటే పిల్ల నోట్స్ తిరగేస్తే ఎక్కువ తెలుస్తుంది.

డెమో క్లాసు తర్వాత ఫోన్ చేసినవాళ్లు అమెరికా విద్యా పరిశోధకుడు బెంజమిన్ బ్లూమ్ 1984 నాటి పరిశోధన గురించి ఊదరగొట్టారు. వన్ టు వన్ బోధనతో సగటు పిల్లలు కూడా క్లాసులో పైవరసకి చేరతారని ఆయన రాసిన సంగతి నిజమే. తర్వాతి పరిశోధనల్లో మాత్రం అంత పెద్ద తేడా కనపడలేదు. మా అనుభవమూ అదే. మొదటి పరీక్షలో మార్కులు కదల్లేదు. స్టెప్పులన్నీ రాయడం అలవాటై వేగం తగ్గింది కూడా. మార్పు కనపడింది రెండో టర్ములోనే.

ఎక్కాలు నోటికి రావడానికో, ప్రాక్టీసు కోసమో అయితే ఇంత ఖర్చు దండగ. ఎక్కడో పునాది తప్పి, అదెక్కడో మీకు అంతుపట్టనప్పుడే పనికొస్తుంది. డెమోలో పిల్ల తప్పు చేసిన వెంటనే టీచర్ ఏమంటున్నారో వినండి. మేం ఇప్పుడు వారానికి ఒక్క క్లాసుకి తగ్గించాం, దశాంశాలు అయ్యాక మానిపించేస్తాం.