స్పాన్‌బర్గరా, సియర్సా? వర్జీనియా గవర్నర్ ఎన్నికలో నా లెక్క

2025 నవంబర్‌లో జరిగిన వర్జీనియా ఎన్నికలో ఎవరు గెలిచినా ఆ రాష్ట్రానికి తొలి మహిళా గవర్నర్ వచ్చినట్టే. డెమోక్రాట్ అబిగైల్ స్పాన్‌బర్గర్ సీఐఏలో పనిచేసి, మూడుసార్లు అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్‌కు గెలిచారు. రిపబ్లికన్ విన్సమ్ ఎర్ల్ సియర్స్ జమైకాలో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వచ్చి, మెరైన్స్ సైనిక దళంలో చేసి, లెఫ్టినెంట్ గవర్నర్ (గవర్నర్ తర్వాతి పదవి) అయ్యారు. వలస వచ్చిన మనవాళ్ల మనసుకు సియర్స్ కథే దగ్గర. నాకూ ఆమె మీద గౌరవం ఉంది.

అప్పట్లో ఉత్తర వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్, లౌడన్ కౌంటీల్లోని తెలుగు ఇళ్లలో హెచ్-1బీ వర్క్ వీసా టెన్షన్. సెప్టెంబర్‌లో లక్ష డాలర్ల ఫీజు ప్రకటన వచ్చింది మరి. కానీ వీసాల విషయంలో గవర్నర్ చేతిలో ఏమీ లేదు. అందుకే గవర్నర్ ఏదైనా చేయగల విషయాల్లోనే ఇద్దరినీ బేరీజు వేశాను.

ముందు కార్ టాక్స్, అంటే కారు విలువను బట్టి ఏటా కట్టే పన్ను. ఫెయిర్‌ఫాక్స్‌లో దీనికి గడువు అక్టోబర్ 5, అంటే సరిగ్గా ప్రచారం జోరు మీద ఉన్నప్పుడు బిల్లు చేతికొస్తుంది. దాన్ని రద్దు చేస్తానని సియర్స్ అన్నారు. వినడానికి బాగుంది. అయితే 1997లో జిమ్ గిల్మోర్ గవర్నర్‌గా గెలిచింది కూడా ఇదే మాట మీద. ఆ పన్నులో జనం భారాన్ని రాష్ట్రమే కౌంటీలకు కట్టేలా 1998లో చట్టమూ వచ్చింది. ఖర్చు మోయలేక ఆ తర్వాత రాష్ట్రం తన వాటాను ఏడాదికి 95 కోట్ల డాలర్ల దగ్గర ఆపేసింది. మిగతాది ఇప్పటికీ జనమే కడుతున్నారు. ఈ పన్ను వెళ్లేది కౌంటీ ఖజానాకి, అంటే స్కూళ్లకీ పోలీసులకీ. రద్దు చేస్తే ఆ లోటు ఎవరు పూడుస్తారో చెప్పనిదే ఆ హామీని నేను నమ్మలేను. ఈ విషయంలో స్పాన్‌బర్గర్ కూడా నన్ను ఒప్పించలేదు.

కరెంటు బిల్లు దగ్గర తేడా స్పష్టంగా కనిపించింది. లౌడన్‌లోని యాష్‌బర్న్ చుట్టుపక్కల ఎటు చూసినా కిటికీల్లేని డేటా సెంటర్లే, వాటి మధ్య హైటెన్షన్ లైన్లు. కరెంటు కంపెనీలు క్రమంగా బొగ్గు, గ్యాస్ మానేయాలన్న 2020 నాటి క్లీన్ ఎకానమీ చట్టమే భారమని సియర్స్ వాదన. డేటా సెంటర్లు తమ వాటా తాము కట్టాలన్నది స్పాన్‌బర్గర్ మాట. వాడకం అంతలా పెంచుతున్నది డేటా సెంటర్లయినప్పుడు, అదనపు ఖర్చు మామూలు ఇళ్ల మీద పడకూడదు. ఇక్కడ స్పాన్‌బర్గర్ వైపే మొగ్గుతాను.

ఉద్యోగాల దగ్గర నాకు అనుమానమే లేదు. అప్పటికి వర్జీనియాలో సుమారు 3 లక్షల మంది ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) ఉద్యోగులుండేవారు. వాళ్లతో పాటు కాంట్రాక్టింగ్ కంపెనీల్లో మన ఐటీవాళ్లూ ఎందరో. ఏడాది పొడుగునా తీసివేతలు, పైగా బడ్జెట్ కుదరక అక్టోబర్ 1 నుంచి కేంద్ర ప్రభుత్వ పనులు ఆగిన షట్‌డౌన్. ఉద్యోగం పోవడం కొత్తేమీ కాదన్న ధోరణిలో సియర్స్ మాట్లాడారు. నెల జీతం ఆగి, ఇంటి లోన్ కట్టాల్సిన కుటుంబంతో అనాల్సిన మాట కాదది. స్పాన్‌బర్గర్ మొదటి నుంచీ ఆ కోతలను ఎదిరించారు.

స్పాన్‌బర్గర్ నన్ను నిరాశపరిచింది నార్ఫోక్‌లో ఇద్దరి మధ్య జరిగిన డిబేట్‌లో. తన పార్టీ అటార్నీ జనరల్ (రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయవాది) అభ్యర్థి జే జోన్స్, ప్రత్యర్థి పార్టీ నాయకుణ్ణి కాల్చడం గురించి గతంలో పెట్టిన మెసేజ్‌లు బయటపడ్డాయి. వాటిని ఆమె ఖండించారు, సరే. కానీ ఆయనకు మద్దతు ఉందా లేదా అంటే సూటిగా జవాబు చెప్పలేదు. సియర్స్ పదే పదే అడ్డుపడ్డారు నిజమే, అయినా అడిగిన ప్రశ్న న్యాయమైనదే.

మొత్తం మీద నా మొగ్గు స్పాన్‌బర్గర్‌కే. అయితే వర్జీనియాలో గవర్నర్, లెఫ్టినెంట్ గవర్నర్, అటార్నీ జనరల్ మూడు పదవులకూ విడివిడిగా ఓటేయొచ్చు, ఒకరు నచ్చారని ముగ్గురినీ మోయనక్కర్లేదు. చాలామంది అలాగే చేశారు. స్పాన్‌బర్గర్ సుమారు 15 శాతం తేడాతో గెలిచారు, హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. జోన్స్ కూడా గెలిచారు గానీ, ఆయన ఆధిక్యం స్పాన్‌బర్గర్ ఆధిక్యంలో సగం కూడా లేదు.